పరమాణువుల జతకూర్పు ఆటలు: వాని గుణదోషములు

ఆటలు వలదని పిల్లలకు చెప్పి గెలిచిన ఉపాధ్యాయుడు లోకమున లేడు. గవ్వలు, వామనగుంటలు, పులిజూదము మొదలగువానితో తరతరములుగా బుద్ధికి పదును పెట్టుకొన్న మన యిండ్లలోనికి ఇప్పుడు చేతిఫోనులోని ఆటలు ప్రవేశించినవి. వానిలో కొన్ని కేవలము వినోదమునకై వచ్చినవి. మరికొన్ని శాస్త్రము పేరు పెట్టుకొని వచ్చినవి. వాడపల్లి నుండియు, చుట్టుపట్టుల గ్రామముల నుండియు మా పాఠశాలకు పిల్లలను పంపుచున్న తల్లిదండ్రులలో పలువురు, "మావాడు ఫోను పట్టుకుని కూర్చుని, ఇది ఆట కాదు, రసాయన శాస్త్రం అంటున్నాడండి. నమ్మమంటారా మాస్టారూ?" అని మమ్ము అడుగుచున్నారు. ఈ ప్రశ్నకు అవుననిగాని కాదనిగాని ఒక్కమాటలో బదులు చెప్పుట న్యాయము కాదు. ఆయా ఆటల గుణదోషములను విడదీసి చూపి, తీర్పును తల్లిదండ్రులకును, ఆలోచనగల విద్యార్థులకును విడుచుట మంచిదని తలంచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

శాస్త్రమును బోధింతునని చెప్పుకొను ఏ ఆటనైనను పరీక్షించుటకు మేము ఒక గీటురాయిని వాడుచున్నాము. ఆటలో గెలిపించు నియమము ప్రకృతిలోని నియమమేనా? ఇదియే ఆ గీటురాయి. గెలుచుటకై బాలుడు మరల మరల ఏ పని చేయునో ఆ పనియే వాని మనస్సున నాటుకొనును. తెరపై వ్రాసిన పేర్లును, పూసిన రంగులును అంతగా నాటుకొనవు. కావున పేరును చూచి మోసపోక నియమమును చూడవలెను.

విచారణకు ముందు మూడు మాటల అర్థము జ్ఞాపకము చేయుదుము. బంగారము, ఇనుము, ఉదజని, ఆమ్లజని మొదలగు మూలవస్తువులకు మూలకములని పేరు. ఒక మూలకముయొక్క గుణమును నిలుపుకొన్న అతి చిన్న భాగము పరమాణువు. కొన్ని పరమాణువులు ఒకదానినొకటి పట్టుకొని ఏర్పడిన కూటమి అణువు. రెండు ఉదజని పరమాణువులును ఒక ఆమ్లజని పరమాణువును చేరినచో నీటి అణువు ఒకటి ఏర్పడును. ఇంతమాత్రము తెలిసిన చిన్న తరగతి పిల్లలకైనను ఇకముందు చెప్పబోవునది తెలియగలదు.

ఇట్టి ఆటలలో మొదట చెప్పదగినది 2015వ సంవత్సరమున వెలువడిన 'ఆటమస్' అనునది. తెరపై పరమాణువులు వలయాకారముగా నిలిచియుండును. నడుమ క్రొత్త పరమాణువు ఒకటి పుట్టును. దానిని వలయములో ఏ రెండింటి నడుమనైనను ఉంచవచ్చును. అప్పుడప్పుడు కూడిక గుర్తు ఒకటి వచ్చును. దానిని ఒకే జాతికి చెందిన రెండు పరమాణువుల నడుమ ఉంచినచో అవి రెండును ఏకమై, మూలకముల ఆవర్తన పట్టికలో తరువాతి మూలకముగా మారును. రెండు ఉదజనులు కలిసి హీలియమగును; రెండు హీలియములు కలిసి లిథియమగును. వలయము నిండిపోవకుండ ఇట్లు జతలు కూర్చుచు, వీలైనంత బరువైన మూలకమును చేరుటయే ఆటలోని గెలుపు.

దీని గుణము స్పష్టము. మూలకముల వరుసను కంఠస్థము చేయుట మా విద్యార్థులకు ఎంత కష్టమో మేమెరుగుదుము. ఈ ఆటను కొన్ని దినములు ఆడినవాడు ఉదజని మొదలుకొని ఇరువది, ముప్పది మూలకముల వరుసను, వాని సంకేతాక్షరములను బెత్తము లేకుండనే చెప్పగలడు. ఇది చిన్న లాభము కాదు.

కాని గీటురాయిపై గీచి చూచినప్పుడు ఈ ఆట నిలువదు. మూలకమునకు దాని పట్టికలోని సంఖ్య ఊరక ఇచ్చినది కాదు. దాని పరమాణు కేంద్రకములోని ప్రోటానుల లెక్కయే ఆ సంఖ్య. లిథియము సంఖ్య 3. మూడును మూడును కూడినచో ఆరు కావలెను గదా! ఆరవ మూలకము కర్బనము. కాని ఆటలో రెండు లిథియములు కలిసి నాలుగవ మూలకమైన బెరీలియమగుచున్నవి. మూడును మూడును నాలుగని ఒకటవ తరగతి బాలుడు వ్రాసినచో ఏమందుము? ఉదజని హీలియమగుట మాత్రము సూర్యగోళమున నిజముగా జరుగుచున్నదే. అయితే అచటను రెండు ఉదజనులు చాలవు. సుమారు ఒకటిన్నర కోటి డిగ్రీల వేడిలో నాలుగు ఉదజని కేంద్రకములు అంచెలంచెలుగా కలిసి ఒక హీలియము కేంద్రకమగును.

ఇంతకన్న పెద్ద దోషము మరియొకటి కలదు. రసాయన చర్యలో ఒక మూలకము మరియొక మూలకముగా ఎన్నటికిని మారదు. ఇనుము తుప్పుపట్టినను ఆ తుప్పులోని ఇనుప పరమాణువు ఇనుప పరమాణువే. కట్టె కాలి బూడిదయు పొగయు అయినను కర్బనము కర్బనమే. రసాయన శాస్త్రమునకు పునాదియైన ఈ సత్యమును ఆట ప్రతి జతకును తలక్రిందులు చేయుచున్నది. కావున 'ఆటమస్' మంచి జ్ఞాపకశక్తి ఆట. దానిని రసాయన శాస్త్రమనుట తగదు.

ఇక రెండవ తరగతి ఆటలు. వీనికి మూలము 1990వ సంవత్సరమున జర్మనీ దేశపు థాలియన్ అను సంస్థ వెలువరించిన 'ఆటామిక్స్'. దీనిని అనుసరించి, ఎవరైనను ఉచితముగా పొందదగిన కేడీఈ కంప్యూటరు సామగ్రిలో 'కెఅటామిక్' అను ఆటను చేర్చిరి. ఇందులో గోడలతో కూడిన గళ్ల గది యొకటి తెరపై కనబడును. గదిలో పరమాణువులు చెల్లాచెదరుగా పడియుండును. ప్రక్కనే, కూర్చవలసిన అణువుయొక్క బొమ్మ చూపబడును. ఒక పరమాణువును ఏ దిక్కునకు త్రోసినను అది నడుమ నిలువదు. గోడగాని వేరొక పరమాణువుగాని అడ్డుపడువరకు జారిపోవును. ఇట్లు త్రోయుచు, ప్రక్కనున్న బొమ్మకు సరిగా జతపడునట్లు అన్నిటిని చేర్చవలెను. నీరు, మీథేను, అమ్మోనియా మొదలగు చిన్న అణువులతోపాటు చాల పెద్ద అణువులను కూడ ఇందులో కూర్చవలసియుండును.

ఈ ఆటకు మూడు గుణములు కలవు. మొదటిది పట్టుల లెక్క. ఒక పరమాణువు ఇతర పరమాణువులను ఎన్ని పట్టులతో పట్టుకొనగలదో ఆ సంఖ్యకు సంయోజకత యని పేరు. సామాన్యముగా ఉదజనికి 1, ఆమ్లజనికి 2, నత్రజనికి 3, కర్బనమునకు 4. తెరపై ప్రతి పరమాణువు చుట్టును దాని పట్టులు చిన్న గీతలుగా చిత్రింపబడియున్నవి. ఒక్క పట్టైనను ఖాళీగా మిగిలినచో అణువు పూర్తి కాదు. ఇది ప్రకృతి నియమమే. ఈ ఆట ఆడిన తొమ్మిదవ తరగతి పిల్లలు, కర్బనమునకు నాలుగు ఉదజనులే ఏల, అయిదేల కారాదు అని మమ్ము అడుగుట మాని, తామే వ్రేళ్లపై లెక్కించి చెప్పుట మేము చూచితిమి.

రెండవది కూర్పుయొక్క ప్రాధాన్యము. పదార్థములో ఏమున్నదనుట యొక్కటే చాలదు, అది ఎట్లు కూర్పబడినదో కూడ చూడవలెనని ఈ ఆట కంటికి చూపును. దీనికి ఉదాహరణ మన పొరుగుననే కలదు. ఆత్రేయపురపు పూతరేకును చూడుడు. పలుచని రేకు బియ్యపు గంజిది, లోపల పంచదార, పైన నేయి. కొద్దిపాటి ఇతర వస్తువులను విడిచినచో ఈ మూడును కర్బనము, ఉదజని, ఆమ్లజని అను మూడు మూలకముల కూర్పులే. ఒకటి కాగితమువలె నుండును, ఒకటి తీయగా నుండును, ఒకటి వేడికి కరగును. భేదమంతయు లెక్కలోను అమరికలోను ఉన్నది. కొన్నియెడల లెక్క కూడ మారదు. కర్బనములు 2, ఉదజనులు 6, ఆమ్లజని 1 తీసికొని ఒక విధముగా అమర్చినచో 78 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగు ద్రవమైన ఇథైల్ ఆల్కహాలు వచ్చును. ఆమ్లజనిని రెండు కర్బనముల నడుమ అమర్చినచో, సున్నకు దిగువ 24 డిగ్రీల చలిలోనే మరిగి ఆవిరియగు డైమిథైల్ ఈథరు అను వాయువు వచ్చును. తొమ్మిది పరమాణువులు అవియే, వస్తువు వేరు.

మూడవది ముందుచూపు. పరమాణువు నడుమ నిలువదు కనుక ముందుగా ఆలోచింపక త్రోసినవాడు దానిని మూలలో చిక్కించుకొనును. నాలుగైదు ఎత్తులు ముందుగా తలపోసినవాడే తక్కువ త్రోపులతో పని ముగించును. ఇది చూచుటకు సులభమైనను తేలిక ఆట కాదు. 2004లో మార్కస్ హోల్జర్, స్టెఫాన్ ష్వూన్ అను ఇద్దరు పండితులు, గది పెరిగినకొలది ఈ సమస్య కంప్యూటరులకు సైతము లొంగని మహాకఠిన సమస్యల తరగతిలో చేరునని గణితముతో నిరూపించిరి. కావున ఒక గదిలో చిక్కుకొని సాయంకాలమంతయు తల గోకికొన్న విద్యార్థి తాను మందబుద్ధినని చింతింప నక్కరలేదు.

ఇక ఈ ఆటయొక్క దోషములను చెప్పుదుము. ఇవియు మూడే. మొదటిది, ఇందులో అణువులన్నియు బల్లపరుపుగా నుండును. గళ్లలో అమర్చుటచేత నీటి అణువు మూడు పూసలను వరుసగా గ్రుచ్చినట్లు తిన్నగా కనబడును. నిజమైన నీటి అణువు వంగియుండును. రెండు ఉదజనుల నడుమ కోణము సుమారు 104.5 డిగ్రీలు. ఈ వంపు స్వల్పవిషయమని తలంపరాదు. అది తిన్నగా నుండినచో నీటి అణువునకు ఒక ప్రక్క ధనవిద్యుత్తు వాసన, ఒక ప్రక్క ఋణవిద్యుత్తు వాసన ఉండజాలవు. అప్పుడు ఉప్పు నీటిలో ఇంత సులభముగా కరగదు, నీరు మనమెరిగిన నీరుగా నుండదు. మరియు ఆటలో పరమాణువులు తిరుగవు. ఎడమ ప్రక్క పట్టుగల ఉదజని వేరు, కుడి ప్రక్క పట్టుగల ఉదజని వేరు; ఒకదాని చోట మరియొకటి పనికిరాదు. ప్రకృతిలో ఉదజని పరమాణువులకు ఇట్టి కుడియెడమల భేదము లేదు.

ఈ బల్లపరుపు దోషము ఆట కల్పించినవారిది మాత్రమే కాదు. ఒకప్పుడు శాస్త్రజ్ఞులకును ఉండినది. 1865లో హాఫ్మన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు లండను నగరమున ఉపన్యసించుచు, క్రోకే యను ఆటలోని కొయ్యబంతులకు రంగులు వేసి, పుల్లలతో గ్రుచ్చి అణువుల నమూనాలను చూపెను. కర్బనమునకు నలుపు, ఉదజనికి తెలుపు, ఆమ్లజనికి ఎరుపు, నత్రజనికి నీలము అను రంగులు నేటికిని వాడుకలో నున్నవి. అనగా అణువుల నమూనాలే ఆటబంతులతో మొదలైనవన్నమాట. కాని ఆయన మీథేను నమూనా కూడ బల్లపరుపుగానే యుండెను. తొమ్మిదేండ్ల తరువాత, 1874లో వాంట్ హాఫ్, లె బెల్ అను ఇద్దరు యువకులు వేరువేరుగా ఆలోచించి, కర్బనపు నాలుగు పట్టులు నాలుగు మూలలకు చాచుకొని యుండునని తెలిపిరి. లోకము ఆ దోషమును దిద్దుకొన్నది. ఆట ఇంకను దిద్దుకొనలేదు.

రెండవ దోషము, ఆటలో కూర్చవలసిన బొమ్మ ముందుగానే చూపబడును. శాస్త్రములో ఆ బొమ్మయే తెలియదు. దానిని వెదకుటయే శాస్త్రజ్ఞుని పని. వసిష్ఠకు ఆవలి గట్టుననున్న భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరింపుడు. ఆయన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వము వహించుచుండగా, 1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. గర్భిణీ స్త్రీలకును, ఎదుగు బాలబాలికలకును రక్తహీనత నివారణకై ఇనుముతో కలిపి ఇచ్చు మాత్రలోనిది ఆ పదార్థమే. దాని అణువులో కర్బనములు 19, ఉదజనులు 19, నత్రజనులు 7, ఆమ్లజనులు 6, వెరసి 51 పరమాణువులు. వారికి తెరప్రక్కన బొమ్మ లేదు. ఆ పదార్థమును శుద్ధిచేసి, ముక్కలుచేసి, ఏ ముక్క దేనికి అంటియుండెనో ఊహించి, ఊహను ప్రయోగముతో సరిచూచి, తప్పినచో మరల ఊహింపవలెను. బొమ్మను చూచి జతకూర్చుట చూచివ్రాతవంటిది. చూచివ్రాత దస్తూరికి మంచిదే. వ్యాసరచన దానివలన రాదు.

మూడవ దోషము మన కోనసీమవారికి అన్నిటికన్న ముఖ్యమైనది. ఈ ఆట వస్తువుయొక్క స్వభావమును గూర్చి మౌనము వహించును. తెరపై నాలుగు తెల్లని బంతులను ఒక నల్లని బంతి చుట్టును చేర్చినంతనే మీథేను పూర్తియై, తలుపు తెరుచుకొని, తరువాతి గది వచ్చును. ఆ మీథేను ఏమిటి? మన కాలిక్రింది నేలలో, చమురు సంస్థలు త్రవ్విన బావులలో నుండి వచ్చు సహజవాయువులో అధికభాగము అదియే. దానికి రంగు లేదు, దానంతటదిగా వాసనయు లేదు. గాలిలో నూటికి 5 మొదలు 15 పాళ్లవరకు కలిసియున్నచో ఒక నిప్పురవ్వ చాలును. 1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడి వద్ద బావి పేలి, ఆ మంట 65 దినములు ఆరలేదు. 2014 జూను 27వ తేదీ తెల్లవారుజామున నగరము గ్రామమున గొట్టమునుండి వెలువడిన వాయువు అంటుకొని ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఇండ్లు, కొబ్బరితోటలు కాలిపోయినవి. మా విద్యార్థులలో ఆ మంటల కథను ఇంటి పెద్దలవలన వినినవారు కలరు. వారికి మీథేనును ఐదు రంగుబంతులుగా మాత్రమే చూపి, "నీవు గెలిచితివి" అని చెప్పు ఆట సగము పాఠమే చెప్పినది. కర్బనము పట్టులు నాలుగని తెలిసిన బాలునికి, ఆ నాలుగు పట్టులు ఆమ్లజనితో కలిసి కాలునప్పుడు ఎంత వేడి పుట్టునో కూడ తెలియవలెను.

2013లో వచ్చిన 'సోకోబాండ్' అను ఆట ఈ లోటును కొంతవరకు పూరించినది. అందులో పరమాణువులు ఒకదానినొకటి తాకగానే తమ పట్టుల లెక్కను అనుసరించి తామే అతుకుకొనును. ఒక అణువు పూర్తియైనప్పుడెల్ల ఆ వస్తువును గూర్చి ఒక విశేషము తెరపై కనబడును. ఒక్క వాక్యమే యైనను, ఇది పేరునకును వస్తువునకును నడుమ వేసిన వంతెన. అయినను వాసన, వేడి, బరువు, అపాయము అనునవి ఏ తెరయు చూపజాలదు.

కావున తల్లిదండ్రులకు మా సలహా యేమనగా, ఈ ఆటలను పూర్తిగా నిషేధింపవలదు. పిల్లవానిని వానితో ఒంటరిగా విడువను వలదు. పాఠములు ముగిసిన పిమ్మట అరగంటకు మించకుండ ఆడనిండు. ఆడిన తరువాత ఈ మూడు పనులు చేయింపుడు.

మొదటిది, తెరపై కూర్చిన అణువును చేతితో చేయింపుడు. బంకమట్టి ఉండలును, కొబ్బరి ఈనెలును కోనసీమలో కొననక్కరలేదు. ఒక ఉండకు నాలుగు ఈనె ముక్కలను ఒకదానికొకటి వీలైనంత దూరముగా నుండునట్లు గ్రుచ్చి, కొనలకు చిన్న ఉండలు పెట్టినచో మీథేనుయొక్క నిజరూపము వచ్చును. బల్లపై పెట్టినప్పుడు అది మూడు కాళ్లపై నిలిచి నాలుగవదానిని పైకెత్తును. ఆటలోని బల్లపరుపు దోషము ఆ క్షణముననే తొలగిపోవును.

రెండవది, ఒక చిన్న పుస్తకములో ప్రతి అణువునకు మూడు పంక్తులు వ్రాయింపుడు: పేరు, ఏయే పరమాణువులు ఎన్ని, మన ఊరిలో అది ఎచట కనబడును. పులిసిన కల్లుకుండలో ఇథైల్ ఆల్కహాలు, అదియే మరింత పులిసినప్పుడు ఎసిటిక్ ఆమ్లము, పశువుల సావిడిలో ముక్కు మండించు అమ్మోనియా, ఇట్లు మూడవ పంక్తి నింపుటకు పిల్లవాడు ఊరంతయు తిరుగవలసివచ్చును. ఆ తిరుగుటయే చదువు.

మూడవది, వంటయింటి వాయువును గూర్చి పిల్లలకు నేర్పుడు. బండలోనిది ముఖ్యముగా ప్రొపేను, బ్యూటేను. ఇవి గాలికన్న బరువైనవి. కారినచో నేలబారున ప్రాకి మూలల నిలుచును. మీథేనో గాలికన్న తేలిక; పైకి పోవును. బండలోని వాయువునకు దుర్గంధమును కావలెననియే కలుపుదురు. ఆ వాసన తగిలినచో దీపపు మీట ముట్టరాదు, అగ్గిపుల్ల గీయరాదు. తలుపులు, కిటికీలు తెరచి, బండ మూసి, పెద్దలను పిలువవలెను. ప్రొపేనులో కర్బనములు మూడని తెలియుటకన్న ఇది తెలియుట ఇంటికి మేలు.

విద్యార్థులారా, చదరంగము ఆడినంతమాత్రమున ఎవరును సేనాపతి కాలేదు. కాని సేనాపతికి చదరంగము చెరుపు చేయలేదు. ఈ ఆటలును అట్టివే. వానిలో గెలిచినప్పుడెల్ల, ఈ గెలుపు ఏ నియమమువలన వచ్చినది, ఆ నియమము నీటిలోను, నిప్పులోను, గాలిలోను నిజముగా కలదా అని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. సందేహము కలిగినచో పుస్తకమును తెరువుడు. పుస్తకము తీర్చనిచో ప్రయోగశాలకు రండు. అచట గాజుగొట్టములు, దీపములు, ఉపాధ్యాయులు మీకొరకు వేచియున్నారు.